25లో 11 కరెక్ట్ చేసిన నాకన్నా 10 చేసినవాడికి ఎక్కువ మార్కులు ఎలా వచ్చాయి?

బాలాజీకాలనీ_టెన్త్:
అందరికీ నమస్తే. మాది తిరుపతి, ఇప్పుడు పదో తరగతి. మా ట్యూషన్ సార్ పోయిన ఆదివారం ఒక పరీక్ష పెట్టారు. అమెరికాలో హైస్కూల్ పిల్లలకి ఏఎంసీ 10 అని ఒక లెక్కల పోటీ ఉంది కదా, అచ్చం ఆ పద్ధతిలోనే. 25 కొశ్చన్లు, 75 నిమిషాలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు, క్యాలిక్యులేటర్ లేదు. కరెక్టయితే 6 మార్కులు, తప్పయితే సున్నా, ఖాళీగా వదిలేస్తే 1.5.

నెగెటివ్ మార్కులు లేవు అని వినగానే నేను మిగతాది సరిగ్గా వినలేదు, అదీ జరిగింది. నాకు నిజంగా వచ్చినవి 8. మిగతా 17 చివరి ఐదు నిమిషాల్లో గుడ్డిగా బబుల్ చేసేశా, అందులో 3 తగిలాయి. మొత్తం 11 కరెక్ట్, 66 మార్కులు. నా పక్కన కూర్చునే వాడు 14 మాత్రమే రాశాడు, 10 కరెక్ట్, 4 తప్పు, 11 వదిలేశాడు. వాడికి 76.5! నాకన్నా ఒకటి తక్కువ చేసి పదిన్నర మార్కులు ఎక్కువ. ఇదేం న్యాయం అసలు, రానిదానికి మార్కులు ఇవ్వడం ఏంటి?

ఇంకోటి. వాడు సగం లెక్కలు చేయడు, ఆప్షన్లు తీసుకుని వెనక నుంచి వేసి చూస్తాడు. అది దొంగదారి అని నేనంటా, తెలివి అని వాడంటాడు. మీరేమంటారు?

ఏర్పేడు_హాస్టల్:
తమ్ముడూ, న్యాయం సంగతి తర్వాత, ముందు ఒక చిన్న లెక్క చూడు. ఐదు ఆప్షన్లలో గుడ్డిగా ఒకటి పెడితే ఐదింట్లో ఒకసారి 6 వస్తుంది, అంటే సగటున 1.2. వదిలేస్తే ఊరికే 1.5. అంటే నువ్వు గుడ్డిగా బబుల్ చేసిన ప్రతిసారీ సగటున 0.3 నీ జేబులోంచి తీసి ఇచ్చావు. నీ 17 గెస్సుల్లో 3 తగలడం కూడా దురదృష్టమేమీ కాదు, 17ని 5తో భాగిస్తే 3.4, దాదాపు ఎంత రావాలో అంతే వచ్చింది. ఆ 17 వదిలేసి ఉంటే 48కి 25.5 కలిపి 73.5 వచ్చేది. అప్పుడు కూడా నీ ఫ్రెండే ముందు, కానీ తేడా 3 మార్కులే.

ఇంకా బాగుండేది ఏంటంటే, ఒక్క ఆప్షన్ కచ్చితంగా కాదు అని తెలిస్తే మిగిలిన నాలుగులో గెస్ చేస్తే సగటు 1.5, వదిలేసినా అదే, నీ ఇష్టం. రెండు కొట్టేయగలిగితే సగటు 2, అప్పుడు పెట్టేయ్. 1.5 అనేది ఎవరో జాలిపడి ఇచ్చిన మార్కు కాదు, సరిగ్గా ఈ లెక్క కోసం పెట్టిన అంకె. ఒకప్పుడు వదిలేస్తే 2.5 ఉండేది, 2007 నుంచి 1.5 చేశారు. 2.5 ఉన్నప్పుడు మూడు ఆప్షన్లు కొట్టేస్తే గానీ గెస్ చేయడం గిట్టుబాటు అయ్యేది కాదు, వేసి చూసుకో.

ఇదే సూత్రం అన్ని పరీక్షలకీ పట్టుకుని పోకు మళ్ళీ! మన ఈఏపీసెట్‌లో 160 కొశ్చన్లు, 180 నిమిషాలు, నెగెటివ్ లేదు, వదిలేస్తే ఏమీ రాదు. అక్కడ ఖాళీ బబుల్ ఉంచి బయటికి వచ్చేవాళ్ళని చూస్తే నాకు కోపం వస్తుంది. జేఈఈ మెయిన్‌లో నాలుగు ఆప్షన్ల కొశ్చన్లకి కరెక్టయితే 4, తప్పయితే మైనస్ 1. నాలుగు గుడ్డి గెస్సులకి 4 వచ్చి 3 పోతాయి, అంటే ఒక్కోదానికి సగటున పావు మార్కు లాభమే. మైనస్ అనగానే అందరూ వణికిపోతారు గానీ లెక్క చూస్తే మైనస్ లేని ఏఎంసీలోనే గుడ్డి గెస్ నష్టం, మైనస్ ఉన్న జేఈఈలో కాదు. నాక్కూడా మొదటిసారి వేసినప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

చిత్తూరు_అయివారు:
అమ్మాయి చెప్పిన లెక్క సరైనదే గానీ ఒక షరతు ఉంది, నిజంగా గుడ్డిగా పెడితేనే ఆ సగటు. పిల్లలు ఎవరూ గుడ్డిగా పెట్టరు, సగం చేసి, వచ్చిన అంకె ఆప్షన్లలో కనిపించగానే సంబరపడి పెడతారు. నేను 30 ఏళ్ళు హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి రిటైర్ అయినవాణ్ణి, టాలెంట్ టెస్టులకి పేపర్లు చాలా తయారు చేశాను. ఆ వంట ఎట్ల జరుగుతుందో చెప్తాను వినండి. ముందు కరెక్ట్ ఆన్సర్ రాస్తాం. తర్వాత పిల్లవాడు ఎక్కడెక్కడ జారిపడతాడో ఆలోచించి, ప్రతి జారుడుకీ ఒక ఆప్షన్ వేస్తాం. మీ తప్పు కోసం మేం ముందే కుర్చీ వేసి ఉంచుతామన్నమాట.

మీ ఊరి లెక్కే ఒకటి. అలిపిరి నుంచి కొండకి 3550 మెట్లు. ఒకామె మెట్ల పూజ మొక్కుకుంది, కానీ మోకాళ్ళ నొప్పి వల్ల ప్రతి మెట్టుకీ వంగలేక ప్రతి 6వ మెట్టుకి పసుపు కుంకుమ పెట్టి, ప్రతి 10వ మెట్టుకి కర్పూరం వెలిగించింది. ఈ రెండింటిలో కనీసం ఒకటైనా జరిగిన మెట్లు ఎన్ని?
(ఎ) 710 (బి) 828 (సి) 887 (డి) 946 (ఇ) 2722

చేసి చెప్పు బాబూ. ఒక్క ఆన్సర్ కాదు, మిగతా నాలుగు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా చెప్పాలి.

బాలాజీకాలనీ_టెన్త్:
సార్, 6 గుణిజాలు 591, 10 గుణిజాలు 355, కలిపితే 946. డి ఉంది కదా అని పెట్టేయబోయి మీరు చెప్పింది గుర్తొచ్చి ఆగా. రెండూ జరిగిన మెట్లు రెండుసార్లు లెక్కలోకి వచ్చాయి. 30 గుణిజాలు 118, అవి ఒకసారి తీసేస్తే 828. బి.

ఎ ఏంటంటే 118ని రెండుసార్లు తీసేస్తే వస్తుంది, అంటే సరిగ్గా ఒకటే జరిగిన మెట్లు. ఇ అనేది 3550లోంచి 828 తీసేస్తే వచ్చేది, ఏదీ జరగని మెట్లు. సి మాత్రం ఎంత చూసినా అర్థం కాలేదు.

చిత్తూరు_అయివారు:
6ని 10తో గుణించి 60 గుణిజాలు తీసేసేవాడి కోసం సి. 59 ఉంటాయి, 946 మైనస్ 59. క.సా.గు. ఎందుకు నేర్చుకున్నామో మర్చిపోయినవాడి కుర్చీ అది. నీకు కనిపించలేదంటే ఆ తప్పు నువ్వు చేయవని అర్థం, సంతోషించు.

ఇప్పుడు ఆదివారం పేపర్ బయటికి తీసి నీ 14 తప్పుల్లో ఏ ఆప్షన్ పెట్టావో, అది ఎట్ల పుట్టిందో పక్కన రాసుకో.

పీలేరు_టు_బెంగళూరు:
అందరూ మార్కుల లెక్కలే చెప్తున్నారు, నేను కొంచెం చేదుగా చెప్తా తమ్ముడూ, ఏమీ అనుకోకు. నేను స్కూల్లో ఆప్షన్ల మీద బతికినవాణ్ణి. వేసి చూడటం, కొట్టేయడం, యూనిట్లు చూసి పట్టేయడం, అన్నీ వచ్చు, క్లాసులో హీరో. తర్వాత ఒలింపియాడ్ మొదటి మెట్టు రాశా, మా అప్పుడు ప్రీ ఆర్‌ఎంఓ అనేవాళ్ళు, ఇప్పుడు ఐఓక్యూఎం. 30 కొశ్చన్లు, 3 గంటలు, ఆన్సర్ 00 నుంచి 99 లోపల ఏదో ఒక అంకె, ఆప్షన్లు లేవు! ఓఎంఆర్ మీద రెండు నిలువు వరసల్లో అంకెలు చూసి నాకు చెమట పట్టింది. పట్టుకోవడానికి గోడ లేకుండా నడిచినట్టు ఉండింది. అమెరికాలో కూడా అంతే, ఏఎంసీలో బాగా వచ్చినవాళ్ళని ఏఐఎంఈకి పంపిస్తారు, అక్కడ 15 కొశ్చన్లు, 3 గంటలు, 000 నుంచి 999 వరకు ఏదైనా ఆన్సర్ కావచ్చు. నీ ఫ్రెండ్ అక్కడ వెనక నుంచి ఏం వేస్తాడు?

నా మాట విని ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడు ఆప్షన్ల మీద కాగితం అడ్డం పెట్టి చెయ్. ఆన్సర్ వచ్చాకే కాగితం తియ్.

ఏర్పేడు_హాస్టల్:
అన్నా, కాగితం అడ్డం పెట్టడం ప్రాక్టీసుకి ఓకే. పరీక్ష హాల్లో ఆప్షన్లు కూడా కొశ్చన్‌లో భాగమే, ఇచ్చిన సమాచారం వాడుకోకపోవడం గొప్ప ఏమీ కాదు. ఉదాహరణకి ఇది చూడండి. త్రిభుజం ఏబీసీ వైశాల్యం 60. బీసీ మధ్యబిందువు డీ. ఏడీ మీద ఈ అనే బిందువు, ఏఈ : ఈడీ = 1 : 2. త్రిభుజం ఈబీసీ వైశాల్యం ఎంత? ఆప్షన్లు 20, 30, 36, 40, 45.

త్రిభుజం ఆకారం చెప్పలేదు, కానీ ఆప్షన్లు అన్నీ మామూలు అంకెలు, ‘చెప్పలేం’ అనే ఆప్షన్ లేదు. అంటే ఏ త్రిభుజం తీసుకున్నా ఆన్సర్ ఒకటే అని పేపర్ ఇచ్చినవాళ్ళే ఒప్పుకున్నారు. అప్పుడు నాకు సుఖంగా ఉండేది తీసుకుంటా. సమద్విబాహు, భూమి 8, ఎత్తు 15, వైశాల్యం 60. ఏడీయే ఎత్తు, ఈడీ 10, వైశాల్యం సగం ఇంటు 8 ఇంటు 10, 40. అర నిమిషం. ఇది దొంగదారి ఎలా అవుతుంది?

వెనక నుంచి వేసి చూడటానికీ ఒక పద్ధతి ఉంది తమ్ముడూ. ఆప్షన్లు మామూలుగా చిన్న నుంచి పెద్దకి వరసగా ఉంటాయి. మధ్యలో ఉన్న సి వేసి చూడు, ఎక్కువైందో తక్కువైందో తెలిస్తే రెండు ఒకేసారి పోతాయి. ఎ నుంచి ఒక్కోటీ వేసుకుంటూ వచ్చేవాడికి 75 నిమిషాలు చాలవు, కొశ్చన్‌కి 3 నిమిషాలే కదా.

చిత్తూరు_అయివారు:
అమ్మా, ఆన్సర్ సరే. ఒక ప్రశ్న. డీ మధ్యబిందువు కాకుండా బీసీ మీద ఇంకెక్కడో ఉంటే?

ఏర్పేడు_హాస్టల్:
సార్... అప్పుడూ 40. ఏడీలో ఈడీ మూడింట రెండొంతులు కాబట్టి బీసీ నుంచి ‘ఈ’ అనే బిందువు ఎత్తు కూడా ‘ఏ’ అనే బిందువు ఎత్తులో మూడింట రెండొంతులే, భూమి అదే బీసీ. మధ్యబిందువు అన్న మాటే అనవసరం. ఇన్నాళ్ళూ ఈ లెక్క పిల్లలకి చెప్తున్నా, నాకు తట్టనే లేదు 🙈

పీలేరు_టు_బెంగళూరు:
నేను చెప్పాలనుకుని చెప్పలేకపోయింది ఇదే అయివారూ. అర నిమిషంలో ఆన్సర్ వచ్చేసింది, లెక్కలో ఉన్న అసలు సంగతి అక్కడే ఉండిపోయింది. అయినా అర నిమిషంలో చేయడం నాకు చేతకాదు, అది కూడా ఒప్పుకుంటా.

బాలాజీకాలనీ_టెన్త్:
అక్కా, అన్నా, సార్, థ్యాంక్స్. పేపర్ తీసి కూర్చున్నా. 14 తప్పుల్లో 9 కొశ్చన్లు నేను అసలు చదవనే లేదు, చివరి పేజీ చూడగానే భయపడి బబుల్ చేసినవి. మిగతా 5 సగం చేసి, వచ్చిన అంకె కనిపించిందని పెట్టినవి. ఆ ఐదూ సార్ చెప్పినట్టే, కుర్చీలు వేసి ఉన్నాయి, నేనే వెళ్ళి కూర్చున్నా. ఒకదాంట్లో వ్యాసార్థం అడిగితే వ్యాసం పెట్టా. దానికైతే ఎవరినీ తిట్టడానికి లేదు.

నా ఫ్రెండ్‌కి ఈ థ్రెడ్ చూపించా, 1.2 లెక్క వాడికీ తెలియదు, భయపడి వదిలేశాడంట అంతే. తెలివి అని ఇన్ని రోజులు పోజు కొట్టాడు.

చిత్తూరు_అయివారు:
భయం కూడా ఒక్కోసారి మార్కులు తెస్తుంది. సరే, ఇంకొకటి తీసుకో, మాది మామిడి ఊరు కాబట్టి మామిడి లెక్కే. ఒక రైతు కోసిన తోతాపురి కాయలు 4 చొప్పున కుప్ప పెడితే 1 మిగిలింది, 5 చొప్పున పెడితే 2, 7 చొప్పున పెడితే 5 మిగిలాయి. కాయలు కనీసం ఎన్ని ఉండాలి?
(ఎ) 57 (బి) 97 (సి) 117 (డి) 137 (ఇ) 257

ఆప్షన్లు వాడుకోవచ్చు. పీలేరు అబ్బాయి కాగితం అడ్డం పెట్టుకుని చెయ్యాలి.

బాలాజీకాలనీ_టెన్త్:
సార్ ఇది ఈజీ. అన్నీ 7తోనే అంతమవుతున్నాయి కాబట్టి 5 షరతు అన్నిటికీ సరిపోతుంది, 4తో చూసినా అన్నిటికీ 1 మిగులుతుంది. ఇక 7 ఒక్కటే చూస్తే చాలు. పెద్దదాని నుంచి మొదలుపెట్టా, 257లో 252 పోతే 5. మొదటి దెబ్బకే వచ్చేసింది. ఇ.

పీలేరు_టు_బెంగళూరు:
కాగితం అడ్డం పెట్టే చేశా. 4, 5 షరతులు రెండూ కలిస్తే 17, 37, 57, 77, 97, 117... ఇలా 20 చొప్పున పెరుగుతాయి. 7తో భాగిస్తే మిగిలేవి 3, 2, 1, 0, 6, 5. ఆరోది, 117. తర్వాత మళ్ళీ 140 కలిపితే 257.

చిత్తూరు_అయివారు:
బాలాజీ కాలనీ బాబూ, ప్రశ్నలో ‘కనీసం’ అన్న మాట ఉంది, చూశావా?

బాలాజీకాలనీ_టెన్త్:
అయ్యో. 117. సి. సార్, ఆ 257 మీరు నాకోసమే పెట్టారు కదా?

చిత్తూరు_అయివారు:
అవును.