బందరు కాలువలో గుర్రపు డెక్క తీయడం ఎలా?

ప్రశ్న: విజయవాడలో ఇరవై మందిమి కలిసి ఆదివారం పూట బందరు కాలువలో డెక్క తీద్దామనుకుంటున్నాం. ఏమేం కావాలి? తీసిందంతా ఎక్కడ వెయ్యాలి?

జవాబు: ముందు ఇరిగేషన్ వాళ్ల అనుమతి తీసుకోండి, నీళ్లెప్పుడు పెంచుతారో కూడా అడగండి. పనిచేసే చోటికి దిగువన నైలాన్ తాడు కట్టి, అది తేలేలా మూత బిగించిన ఖాళీ డబ్బాలు 2 అడుగులకొకటి కట్టండి. తాడు ఏటవాలుగా ఉండాలి. అడ్డంగా కడితే డెక్క మధ్యలో పేరుకుని బరువుకి తెగుతుంది. ఏటవాలైతే పారే నీరే దాన్ని గట్టుకి తోస్తుంది, కొక్కెం కట్టిన వెదురు గడలతో లాగేయడమే. నీళ్లలోకి ఎవరూ దిగొద్దండీ.

జవాబు: పైన చెప్పింది కరెక్టే, కానీ అసలు తిప్పలు తీశాకే. గట్టంచునే వదిలేస్తే తొలివానకి మళ్లీ కాలువలోనే. 10 అడుగులు ఎడంగా, పలచగా పరచండి. బరువులో 90 శాతానికి పైగా నీరే, ఎండితే ట్రాక్టరు ట్రిప్పులు బాగా తగ్గుతాయి. పూతకి ముందే తీయాలి, గింజలు బురదలో ఏళ్ల తరబడి బతుకుతాయి. ఎండినదాన్ని పేడతో కలిపి కుళ్లబెట్టొచ్చు. మురుగు కలిసేచోట తీసింది మాత్రం కూరమళ్లకి వద్దు, డెక్క వేళ్లు సీసం లాంటివి పీల్చుకుంటాయి.

జవాబు: గమ్‌బూట్లు, రబ్బరు తొడుగులు తప్పనిసరి. డెక్క కింద పాములుంటాయి, గాజుపెంకులుంటాయి. కాళ్లకి పుండ్లున్నవాళ్లకి నీళ్లు తగలని పనే ఇవ్వండి, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లు పుండుకి తగిలితే ఎలుక జ్వరం రావచ్చు.