మన చిత్తూరు సైడు వానలు నవంబర్‌లోనే ఎందుకు గట్టిగా పడతాయి?

అన్నా, సోమవారం జాగ్రఫీ ఇంటర్నల్ ఉండాది. బుక్‌లో అంతా నైరుతి రుతుపవనాలే, కానీ తిరపతిలో జూలైలో నాలుగు చినుకులు, అసలు వాన అక్టోబర్ దాటినాకే, ఎందుకట్లా? ఇంకోటి, మా చేనంతా ఎర్రమట్టి, నంద్యాల పక్కేమో నల్లరేగడి.

రేణిగుంట_కుర్రోడు:
నైరుతి గాలి పడమటి కనుమలకాడే చాలా నీళ్లు దింపేసి ఇవతలికి వస్తాది. ఈశాన్యం బంగాళాఖాతం మీద తేమ తీసుకోని నేరుగా శేషాచలం కొండలకి తగులుతాది, దానికి వాయుగుండం తోడైతే ఇంగ చెప్పాల్నా, 2021 నవంబర్‌లో స్వర్ణముఖి ఎట్లా పొంగిందో చూసినాం కదా. కానీ నాలుగు చినుకులే అని పరీక్షలో రాయొద్దు సామీ, ఉమ్మడి జిల్లా మొత్తం చూస్తే రెండు సీజన్ల వాన దగ్గర దగ్గరే, తూర్పు పక్క మాత్రం ఈశాన్యానిదే పైచేయి.

చేనుగట్టు:
మనకాడ కింద ఉండేది గ్రానైట్, నైస్ (gneiss, చారలుండే గట్టి రాయి) రాళ్లు. అవి చివికి పొడై, అందులో ఇనుము తుప్పు పట్టినందుకే ఆ ఎరుపు. నీళ్లు నిలవవు, నత్రజని తక్కువ, కానీ గుల్లగా ఉంటాది కాబట్టి చెనక్కాయల ఊడలు సులభంగా దిగుతాయి. నల్లరేగడంటే దక్కన్ లావా అని బట్టీ కొడతారు, నంద్యాలకాడ అది షేల్ (బురద గట్టిపడి పొరలైన రాయి), సున్నపురాయి మీద ఏర్పడింది.

కొండదారి:
తిరుమల ఘాట్ రోడ్డులో రాళ్ల గురించి బోర్డు పెట్టినకాడ చూడు, కింద గ్రానైట్, పైన క్వార్ట్‌జైట్ (ఇసకరాయి ఇంకా గట్టిపడి అయిన రాయి) పొరలు, రెండిటి మధ్య కోట్ల ఏళ్ల గ్యాప్. శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే.

అడిగినోడు:
థ్యాంక్సన్నా, బోర్డు ఎక్కే దారిలోనా దిగే దారిలోనా?