విండోస్ 11లో వర్డ్ 2003: ప్రింట్ నొక్కగానే మూసుకుపోతోంది

అందరికీ నమస్కారం. మా బాబాయి శుభలేఖలు, కరపత్రాలు అన్నీ వర్డ్ 2003లో ‘అను’ అనే తెలుగు ఫాంట్లతో టైప్ చేసి పెట్టుకున్నారు. పాత విండోస్ ఎక్స్‌పీ సిస్టమ్ పాడైపోయి విండోస్ 11 ల్యాప్‌టాప్ కొన్నాం. వర్డ్ ఇన్‌స్టాల్ అయింది, ఫైళ్లూ తెరుచుకుంటున్నాయి. ప్రింట్ నొక్కితే మాత్రం ఠక్కున మూసుకుపోతోంది. పీడీఎఫ్‌గా ప్రింట్ ఇచ్చినా అంతే, కాబట్టి తప్పు ప్రింటర్‌ది కాదనుకుంటా. కంపాటబిలిటీ మోడ్‌లో (పాత విండోస్‌లో ఉన్నట్టు ప్రోగ్రామ్‌ని నడిపించే సెట్టింగ్) ఎక్స్‌పీ సర్వీస్ ప్యాక్ 3 పెట్టాను, వర్డ్ తన డిఫాల్ట్ సెట్టింగులు దాచుకునే నార్మల్ డాట్ ఫైల్ పేరు మార్చాను, లాభం లేదు.

2014లోనే వర్డ్ 2003కి సపోర్ట్ ఆగిపోయిందని తెలుసు, దయచేసి కొత్తది కొనమనకండి! ఉచితంగా దొరికే లిబ్రేఆఫీస్‌లో అక్షరాలు బాగానే వస్తున్నాయి గానీ, వరుసలు చెదిరి సుముహూర్తం కాస్తా రెండో పేజీకి పోతోంది. పెళ్లివాళ్లు ఊరుకుంటారా?

వర్చువల్‌బాక్స్‌లో (ఉన్న సిస్టమ్ లోపలే ఇంకో సిస్టమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) ఎక్స్‌పీ వేసుకోవడమే దారా? అలా చేస్తే అందులోంచి యూఎస్‌బీ ప్రింటర్‌కి నేరుగా ప్రింట్ ఇవ్వొచ్చా? ఎవరైనా చేసి చూసినవాళ్లుంటే చెప్పగలరు.