భగదత్తుడు, బొగ్దాన్: అర్థం ఒకటైతే మూలం కూడా ఒకటేనా?

ప్రశ్న:

మహాభారతంలో ప్రాగ్జ్యోతిషాన్ని ఏలిన భగదత్తుడి పేరూ, స్లావు భాషల్లో నేటికీ వాడుకలో ఉన్న ‘బొగ్దాన్’ అనే పేరూ చుట్టాలని చదివాను. గ్రీకు ‘థియొడొరోస్’, లాటిన్ ‘దేయొదాతుస్’, హీబ్రూ ‘నతనయేలు’ కూడా దేవుడిచ్చినవాడు అనే అర్థాన్నే ఇస్తున్నాయి కాబట్టి వీటన్నిటినీ ఒకే మూలానికి చేర్చవచ్చునా?

సమాధానం:

అన్నిటినీ చేర్చకూడదు. ఈ పేర్లలో కొన్ని రెండు భాగాల్లోనూ బంధువులు, కొన్ని ఒక భాగంలోనే బంధువులు, ఒకటి మాత్రం అర్థంలో తప్ప మరెందులోనూ బంధువు కాదు.

భగదత్త, బొగ్దాన్ పేర్ల విషయంలో మీరు చదివినది సరైనదే. స్లావు భాషల్లో దేవుడిని చెప్పే ‘బోగ్’, ప్రాచీన పారశీకంలోని ‘బగ’, సంస్కృతంలోని ‘భగ’ ఒకే కుటుంబానికి చెందిన మాటలు. ‘బోగ్’ ఇరానీ భాషల నుంచి అరువు వచ్చిందా, ఉమ్మడి మూలభాష నుంచి నేరుగా దిగివచ్చిందా అన్న వాదం ఉన్నా, బంధుత్వాన్ని మాత్రం ఎవరూ కాదనరు. సంస్కృతంలో ఈ శబ్దం ‘పంచిపెట్టు’ అనే అర్థమున్న ‘భజ్’ ధాతువు నుంచి వచ్చింది. భాగం, భాగ్యం, భక్తి అన్నీ ఆ ధాతువు సంతానమే. అయితే వేదంలో భగుడు ఆదిత్యులలో ఒకడు, అంటే ఒక ప్రత్యేక దేవత. స్లావు భాషల్లో ఆ మాట సామాన్యంగా దేవుడు అనే అర్థానికి విస్తరించింది. ఇక ‘దత్త’, ‘దాన్’ రెండూ ఇచ్చుట అనే అర్థమున్న ‘దా’ ధాతువు రూపాలే. ఒకచోట తకార ప్రత్యయం చేరితే మరొకచోట నకార ప్రత్యయం చేరింది. బాగ్దాద్ నగరం పేరును కూడా చాలామంది పండితులు ఇదే విధంగా, ‘బగ’ ఇచ్చినది అని విడదీస్తారు.

లాటిన్ ‘దేయొదాతుస్’ మన ‘దేవదత్త’కు ఇంకా దగ్గరిది. ‘దేయుస్’కు ‘దేవ’తోనూ, ‘దాతుస్’కు ‘దత్త’తోనూ నేరుగా చుట్టరికం ఉంది కాబట్టి రెండు సమాసాలనూ పక్కపక్కన పెడితే భాగానికి భాగం సరిపోతుంది. నాలుగో శతాబ్దంలో క్రైస్తవ వేదాంతి అగస్టీన్ తన కుమారుడికి పెట్టిన ‘అదెయొదాతుస్’ అనే పేరు కూడా ఈ కోవలోనిదే.

తొందరపడి పొరపాటు చేసేది గ్రీకు దగ్గరే. ‘థియొడొరోస్’లో కానుక అనే అర్థమిచ్చే ‘డోరోన్’ నిస్సందేహంగా ‘దా’ ధాతువుకు చెందినది. దేవుడు అనే అర్థమిచ్చే ‘థియోస్’ మాత్రం, లాటిన్ ‘దేయుస్’ను ఎంతగా పోలి ఉన్నా, దానికి ఏమీ కాదు. గ్రీకు థకారానికీ లాటిన్ దకారానికీ ఉన్న ధ్వని సంబంధాలను వరుసగా పరిశీలిస్తే ఈ రెండు మాటలూ వేర్వేరు మూలాల నుంచి వచ్చినవని తేలుతుంది. ‘దేయుస్’కు గ్రీకులో నిజమైన బంధువు ‘జ్యూస్’ అనే దేవత పేరు. చెవికి ఒకేలా వినిపించినదాన్ని నమ్మకుండా, ధ్వనుల మార్పు ఒక పద్ధతిలో జరిగిందా లేదా అని చూడాలని వ్యుత్పత్తి శాస్త్రం పట్టుబట్టేది ఇందుకే.

హీబ్రూ ‘నతనయేలు’కు పై వాటితో ఏ సంబంధమూ లేదు. ‘నతన్’ అంటే ఇచ్చాడు, ‘ఏల్’ అంటే దేవుడు. అంటే ఇది సమాసం కాదు, ‘దేవుడు ఇచ్చాడు’ అనే పూర్తి వాక్యం. మాటల వరుసను మార్చితే ‘ఎల్నాతాను’ అవుతుంది. యెహోవా ఇచ్చాడు అన్నది ‘యోనాతాను’. సెమిటిక్ భాషల పేర్లలో నాకు అత్యంత ప్రియమైన లక్షణం ఈ వాక్యనిర్మాణమే. బాబిలోను రాజు నెబుకద్నెజరు పేరు అక్కడి భాషలో ‘నబూ-కుదుర్రి-ఉసుర్’. నబూ దేవా, నా వారసుణ్ణి కాపాడు అని దాని అర్థం. ఆ రాజును పిలిచిన ప్రతిసారీ, పిలిచేవారు గమనించినా గమనించకపోయినా, ఒక తండ్రి ప్రార్థన మళ్ళీ పలుకుతూనే ఉన్నది.

మరొక సభ్యురాలి ప్రశ్న:

గమనించకుండానే పలుకుతారు అన్నారు. పలికేవారికే తెలియని అర్థాన్ని ఆ పేరు అర్థమని ఎలా అనగలం?

సమాధానం:

అమ్మా, ఈ ప్రశ్న చాలా పాతది, ఇప్పటికీ విలువైనది. నామాలన్నీ ధాతువుల నుంచే పుట్టాయని శాకటాయనుడు అన్నాడనీ, అన్నీ కావని గార్గ్యుడూ, కొందరు వైయాకరణులూ అన్నారనీ యాస్కుడు వేదపదాల వ్యుత్పత్తిని వివరించే తన ‘నిరుక్తం’లో చెప్పాడు. మన శాస్త్రకారులు చేసిన యౌగికం, రూఢం అనే విభాగం ఇక్కడ చక్కగా పనికివస్తుంది. అవయవాల, అంటే పేరులోని భాగాల, అర్థం తోచినంతకాలం పేరు యౌగికం, అది మరుగున పడి మనిషినే సూచించినప్పుడు రూఢం. పతంజలి వ్యాకరణ గ్రంథమైన మహాభాష్యంలో ‘దేవదత్తుడు’ ఎవరో ఒక మనిషి అనడానికి ఉదాహరణగా పదేపదే వస్తాడు. అక్కడ దేవుడూ లేడు, ఇవ్వడమూ లేదు.

పేరు పరభాషలోకి వెళితే రూఢి మరింత గట్టిపడుతుంది. రష్యన్ల ‘ఫ్యోదొర్’ మనం పైన చూసిన థియొడొరోసే అయినా వారి చెవికి అది వట్టి పేరు, ‘బొగ్దాన్’ మాత్రం విప్పితే తెలిసిపోయే మాట. యెహోవా కరుణించాడు అనే అర్థమున్న హీబ్రూ ‘యోహానాన్’ గ్రీకులో ‘ఇయొఆన్నేస్’ అయ్యి, అక్కడి నుంచి జాన్, హువాన్, జొవాన్ని, ఇవాన్, హన్స్ వంటి రూపాలు దాల్చినప్పుడు కరుణ ఎక్కడా వినిపించదు. ఈ పేరున్న ప్రవక్తను, అంటే బాప్తిస్మమిచ్చు యోహానును, అరబ్బీలో ‘యహ్యా’ అంటారు. ఆ భాష తెలిసినవారికి అందులో ‘జీవిస్తాడు’ అనే క్రియ స్పష్టంగా వినిపిస్తుంది. భాగాల నుంచి వచ్చే పాత అర్థం, అంటే యోగార్థం, పోయినచోట కొత్తది మొలకెత్తడం పండితులు కల్పించుకున్న ముచ్చట కాదు, వినేవారి చెవిలో నిజంగా జరిగే పని.

రూఢికి లొంగని పేర్లూ ఉన్నాయి. ఘనాలోని అకాన్ ప్రజల్లో ‘కోఫి’ అంటే శుక్రవారం పుట్టిన మగబిడ్డ అని అందరికీ తెలుసు. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శిగా పనిచేసిన కోఫి అన్నన్ పుట్టిన 1938 ఏప్రిల్ 8 శుక్రవారమే. మంగోలియాలో బిడ్డలు దక్కని ఇళ్ళలో ‘నెర్గుయ్’, అంటే పేరు లేనివాడు, ‘ఎనెబిష్’, అంటే వీడు కాదు, ‘హున్‌బిష్’, అంటే మనిషి కాదు, అనే పేర్లు పెట్టడం ఆచారం. బిడ్డను ఎత్తుకుపోవడానికి వచ్చిన దుష్టశక్తి ఆ పేరు విని, వెతికేది వీడిని కాదనుకొని వెళ్ళిపోవాలని తల్లిదండ్రుల ఆశ. మీ ప్రశ్నకు నాకు దొరికిన గట్టి జవాబు ఇదే. పిలిచేవారు అర్థాన్ని మరిచిపోయినా ఫరవాలేదు కానీ, గుమ్మం బయట నిలబడి వినేదానికి మాత్రం అది అర్థం కావాలి.