మా వాడికి తనలాంటి పిల్లలు కావాలి: అమెరికాలో బ్లాక్ హోమ్‌స్కూల్ కుటుంబాలు ఎక్కడ దొరుకుతారు?

అట్లాంటా_అమ్మ
అందరికీ నమస్తే. మేం జార్జియా రాష్ట్రంలో అట్లాంటా దగ్గర ఉంటాం, మా ఆయన బ్లాక్ అమెరికన్, నేను తెలుగు. బాబుకి ఎనిమిదేళ్లు, ఈ ఆగస్టులో స్కూల్ మానిపించి ఇంట్లోనే చెప్పడం మొదలుపెట్టాం. కారణాలు చాలా ఉన్నాయిగానీ ఒక్కటి చెప్తా, క్లాసులో నలుగురు అల్లరి చేస్తే ఆఫీసుకి పంపేది మాత్రం వీణ్ణే, నాలుగోసారి పిలిపించినప్పుడు నోట్‌లో బెదిరించేలా నిలబడ్డాడు అని రాశారు, రెండో క్లాసు పిల్లాడు ఎలా నిలబడితే బెదిరింపు అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

చదువు బాగానే సాగుతోంది, లెక్కలు ఇప్పుడు భయపడకుండా చేస్తున్నాడు. తోడే లేదు. దగ్గర్లో ఒక కో-ఆప్‌కి, అంటే హోమ్‌స్కూల్ కుటుంబాలు కలిసి పిల్లలకి చెప్పుకునే గుంపుకి వెళ్లాం, పాతికమంది పిల్లల్లో వీడొక్కడే బ్లాక్. వాళ్లు మంచిగానే ఉన్నారు, అదేం కాదు, కానీ తిరిగొస్తుంటే కార్లో "అమ్మా, బ్లాక్ పిల్లలెవరూ ఇంట్లో చదువుకోరా?" అని అడిగాడు, నా దగ్గర జవాబు లేదు. ఇంకో కో-ఆప్‌లో చేరాలంటే మతవిశ్వాసం గురించి ఒక కాగితం మీద సంతకం పెట్టాలన్నారు, మాకు కుదర్లేదు.

ఆన్‌లైన్‌లో ఎక్కడ మొదలెట్టాలి? ఇంకోటి, అడగడానికి మొహమాటంగా ఉంది, నేను ఇండియన్‌ని కదా, బ్లాక్ కుటుంబాలు తమ కోసం పెట్టుకున్న గ్రూపుల్లోకి నేను వెళ్లొచ్చా?

మాధవి_చదువులు
ముందు బాబు ప్రశ్నకి జవాబు: చాలామంది చదువుకుంటున్నారు నాన్నా. సెన్సస్ వాళ్ల సర్వేలో 2020 వసంతంలో స్కూలు పిల్లలున్న బ్లాక్ కుటుంబాల్లో 3.3 శాతమే హోమ్‌స్కూల్ అన్నారు, అదే ఏడాది అక్టోబర్‌కి 16.1 శాతం అయింది, అంటే దేశం మొత్తం మీద ఉన్న 11.1 శాతం కన్నా ఎక్కువ. కోవిడ్ టైమ్ అంకె కాబట్టి అదే ఇప్పటికీ ఉందని అనను, కానీ మీరు ఒంటరి కాదు అనడానికి అది చాలు.

మీరు చెప్పిన ఆఫీసు గొడవ కూడా మీ ఒక్కరిది కాదండి. 2013-14లో ప్రభుత్వ లెక్కల ప్రకారం ప్రీస్కూల్ పిల్లల్లో బ్లాక్ పిల్లలు 19 శాతం, సస్పెండ్ అయినవాళ్లలో 47 శాతం. ప్రీస్కూల్! నాలుగేళ్ల పిల్లలు! అది చదివిన రోజు నాకు నిద్రపట్టలేదు.

వెతకడానికి రెండు పేర్లు. నేషనల్ బ్లాక్ హోమ్ ఎడ్యుకేటర్స్, లూసియానాలో బర్జెస్ దంపతులు 2000లో మొదలుపెట్టారు. రెండోది బ్లాక్ ఫ్యామిలీ హోమ్‌స్కూల్ ఎడ్యుకేటర్స్ అండ్ స్కాలర్స్, 2020లో వచ్చింది, పెట్టిన ఇద్దరిలో ఒకరు షెరిల్ ఫీల్డ్స్-స్మిత్, మీ జార్జియా యూనివర్సిటీ ప్రొఫెసరే, బ్లాక్ కుటుంబాల హోమ్‌స్కూలింగ్ మీద ఏళ్ల తరబడి రీసెర్చ్ చేసినావిడ. ఆవిడ రాసినవి మీ ఆయనా మీరూ కలిసి చదవండి, చాలామంది తల్లులు మీలాగే బడిలో జరిగింది చూసి బయటికి వచ్చినవాళ్లే.

డెట్రాయిట్_కోడలు
మాధవి గారు చెప్పిన పేర్లు మంచివే కానీ చెల్లీ, నా అనుభవం వేరే. నేను కూడా నీలాగే, మా ఆయనది డెట్రాయిట్, ఇద్దరు పిల్లలు. మొదట్లో దేశం మొత్తం మీద ఉన్న పెద్ద పెద్ద ఫేస్‌బుక్ గ్రూపుల్లో చేరి రోజంతా పోస్టులు చదివేదాన్ని, పుస్తకాల పేర్లు యాభై రాసుకున్నా, మా పాప మాత్రం ఒక్కర్తే ఆడుకునేది. వెయ్యిమంది సభ్యులు వద్దు, అరగంట డ్రైవ్‌లో మీ వాడి వయసు పిల్లాడున్న ఒక్క కుటుంబం దొరకాలి, దాని కోసమే ఆన్‌లైన్ వాడు. గ్రూపులో చేరగానే మీ కౌంటీ (మన జిల్లా లాంటిది) పేరు, బాబు వయసు రాసి శనివారం పార్కుకి ఎవరైనా వస్తారా అని అడుగు. ఇక్కడ ఎంగేజ్డ్ డెట్రాయిట్ అని బెర్నీటా బ్రాడ్లీ గారు 2020లో పెట్టిన కో-ఆప్ ఉంది, తల్లిదండ్రులకి కోచ్‌లని ఇస్తారు, అలాంటి మనిషి ఒకరు ఫోన్లో దొరికితే సగం భారం దిగిపోతుంది.

నువ్వు వెళ్లొచ్చా అంటే, నీ కొడుకు వాళ్ల పిల్లాడు కదమ్మా. చాలా గ్రూపులు చేర్చుకునే ముందు ప్రశ్నలు అడుగుతాయి, ఏడిపించడానికి వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి, దానికి బాధపడకు, ఉన్నది ఉన్నట్టు రాయి. కాకపోతే వెళ్లాక మొదటి నెల వినడమే ఎక్కువ చెయ్యి, మా ఇండియాలో కూడా ఇలాగే అని ప్రతిదానికీ మధ్యలో దూరకు, నేను ఆ తప్పు చేశా, ఒకావిడ మెల్లగా చెప్పింది. తర్వాత నీకు వచ్చిందేదో ఇవ్వు, లెక్కలో ఇంకోటో, పదిమంది పిల్లలకి వారానికో గంట చెప్పు. ఇంకా ముఖ్యం, నువ్వొక్కదానివే ఎందుకు వెతుకుతున్నావ్? మీ ఆయన్ని, మీ అత్తగారిని కదుపు. మాకు మొదటి కుటుంబం దొరికింది ఏ గ్రూపులోనూ కాదు, మా అత్తగారి చర్చిలో.

పాత_మాస్టారు
అమ్మా, జార్జియాలో ఉన్నవాణ్ణి కాబట్టి రూల్స్ చెప్తాను. మొదలుపెట్టిన 30 రోజుల్లో రాష్ట్ర విద్యాశాఖకి డిక్లరేషన్ ఆఫ్ ఇంటెంట్, అంటే ఇంట్లోనే చదివిస్తున్నాం అని తెలిపే కాగితం పంపాలి, తర్వాత ఏటా సెప్టెంబర్ 1 లోపు. ఏడాదికి 180 రోజులు, రోజుకి నాలుగున్నర గంటలు. మూడో క్లాసు చివర మొదలుపెట్టి మూడేళ్లకోసారి టెస్టు, అంటే మీ వాడికి ఈ ఏడాదే. ఇంకో కుటుంబంతో కలిసి రాయించారంటే పిల్లాడికి బెరుకుండదు.

అట్లాంటాలో ఆబర్న్ అవెన్యూ రీసెర్చ్ లైబ్రరీ ఉంది, 1994లో తెరిచారు, బ్లాక్ చరిత్రకే ప్రత్యేకం. బాబుని తీసుకెళ్లి సూసీ కింగ్ టేలర్ గురించి చూపించండి. 1848లో జార్జియాలో బానిసగా పుట్టింది, బానిసలకి చదువు చెప్పడం అప్పుడిక్కడ నేరం. సవానా అనే ఊళ్లో ఒక ఆవిడ వంటింట్లో పాతిక ముప్ఫైమంది పిల్లలు దొంగచాటుగా చదువుకునేవారు, పుస్తకాలకి కాగితం చుట్టుకుని, ఒక్కొక్కరుగా లోపలికి వెళ్లేవారు. పద్నాలుగేళ్లకే ఆ పిల్ల టీచరైంది. ఇంటి చదువు మీ బిడ్డ వాళ్లకి కొత్త కాదమ్మా.

అట్లాంటా_అమ్మ
మాస్టారూ, అది రాత్రి వాడికి చెప్పాను. పొద్దున లేచి చూస్తే లెక్కల పుస్తకానికి పాత కవరు కాగితం చుట్టి వంటింట్లోకి తెచ్చుకున్నాడు, వాళ్ల నాన్న అక్కడే నిలబడిపోయారు. డిక్లరేషన్ పంపేశాం లెండి, టెస్టు సంగతే తెలీదు, థాంక్స్.

అక్కా, మీరన్నట్టే కౌంటీ పేరుతో పోస్ట్ పెట్టా, మొదట చేతులు వణికాయి. ఇద్దరు తల్లులు రాశారు, ఒకరికి తొమ్మిదేళ్ల బాబు, ఇరవై నిమిషాల దూరం. ఈ శనివారం ఆ లైబ్రరీలోనే కలుద్దామన్నారు, మా ఆయన డ్యూటీ మార్చుకున్నారు. మా అత్తగారు కూడా వస్తానంటున్నారు, మొదటిసారే అందరం వెళ్తే ఎక్కువైపోతుందా?