గట్టిమంచు వాలుకు ఎంత వెడల్పు స్కీలు: 68, 72, 78 మి.మీ.?

ప్రశ్న – న్యూజెర్సీ

నమస్కారం. శీతాకాలపు వారాంతాల్లో ఎక్కువగా వెర్మాంట్‌లోని కిల్లింగ్టన్ స్కీ కేంద్రానికి వెళ్తుంటాను. గ్రూమ్ చేసిన (యంత్రంతో మంచు చదును చేసిన) బ్లాక్ డైమండ్ (కష్టమైన) వాలుల మీద కార్వింగ్ చేస్తూ, అంటే పక్కకు జారకుండా స్కీ అంచు మీదే మలుపు తిరుగుతూ దిగగలను. అయితే బూటు కింద 88 మి.మీ. వెడల్పున్న నా ఆల్ మౌంటెన్ (అన్ని రకాల మంచుకూ వాడే) స్కీలు ఉదయం పూట గట్టిమంచు మీద జారిపోతున్నాయి. నా ఎత్తు 175 సెం.మీ., బరువు 78 కిలోలు. 68 మి.మీ. లోపు వెడల్పుండే స్లాలొం (చిన్న చిన్న మలుపుల పోటీ) తరహా 165 సెం.మీ. స్కీలు, హెడ్ ఈ-మాగ్నమ్ వంటి 72 మి.మీ. రకం, స్టోక్లీ లేజర్ ఏఎక్స్ వంటి 78 మి.మీ. రకం నా పరిశీలనలో ఉన్నాయి. మధ్యాహ్నానికి మంచు మెత్తబడి గుట్టలు కట్టిన తరువాత కూడా వాటి మీదే దిగవలసి ఉంటుంది. ఏది తీసుకోమంటారు?

జవాబు – బోస్టన్

మీ ఉదయాలకు 78 కూడా కొంచెం ఎక్కువే అని నా అభిప్రాయం. స్కీ వెడల్పయ్యే కొద్దీ ఎడ్జ్ (స్కీ పక్కనుండే లోహపు అంచు) పాదం మధ్య నుంచి పక్కకు జరుగుతుంది. అప్పుడు గట్టిమంచు స్కీని తిరిగి చదునుగా పడుకోబెట్టాలని చూస్తుంది, ఆ మెలి భారమంతా చీలమండ మీద, మోకాలి మీద పడుతుంది. సన్నని స్కీ తక్కువ శ్రమతో, త్వరగా ఒక ఎడ్జ్ నుంచి మరో ఎడ్జ్‌కు మారుతుంది.

ఇక రేడియస్, అంటే స్కీ పక్క వంపును బట్టి చెప్పే మలుపు వ్యాసార్ధం సంగతి. స్కీ మీద 13 మీటర్లు అని రాసి ఉంటే మీరు చేసే టర్న్ అంతే ఉంటుందని కాదు. స్కీని ఎడ్జ్ మీదకు ఎంత ఒరిగిస్తే టర్న్ అంత బిగుస్తుంది. లెక్క ప్రకారం 60 డిగ్రీలు ఒరిగిస్తే ఆ రేడియస్ దాదాపు సగానికి పడిపోతుంది. అందువల్ల స్లాలొం తరహా స్కీలు రద్దీ వాలు మీద, మితమైన వేగంలో ఎంతో సరదాగా ఉంటాయి కానీ, పొడవైన టర్న్‌లతో వేగంగా దిగుతున్నప్పుడు మిమ్మల్ని లోపలికి లాగుతూనే ఉంటాయి. పురుషుల ప్రపంచ కప్ స్లాలొంలో స్కీ కనీస పొడవు కూడా 165 సెం.మీ.లే, అయినా దుకాణంలో అమ్మేవి ఆ పోటీ స్కీలంత బిరుసుగా ఉండవు కాబట్టి ఆ పేరు చూసి బెదరనక్కరలేదు. నా ఓటు 170 సెం.మీ. పొడవులో 72కే.

జవాబు – డెన్వర్

మా కొలరాడోలో మంచు మెత్తన కాబట్టి నేను 78 వాడతాను. మధ్యాహ్నపు గుట్టల మీద ఆ అదనపు వెడల్పు నిజంగా ఆదుకుంటుంది. వెర్మాంట్ గట్టిమంచుకు మాత్రం పై సలహానే సరైనది. అయితే కొనేముందు మీ పాత స్కీల ఎడ్జ్‌లను ఒకసారి పదును పెట్టించి చూడండి. అడుగున 1 డిగ్రీ, పక్కన 3 డిగ్రీల కోణం ఈ రకం స్కీలకు మామూలే. మొద్దుబారిన ఎడ్జ్‌తో ఎంత ఖరీదైన టైటనల్ (ఒక అల్యూమినియం మిశ్రమలోహం) రేకు ఉన్న స్కీ అయినా జారుతుంది.

ప్రశ్న అడిగినవారు – న్యూజెర్సీ

ఇద్దరికీ ధన్యవాదాలు. బూటును స్కీకి బిగించే బైండింగ్‌ను విడిగా ఎంచుకోవాలా?

జవాబు – బోస్టన్

ఈ తరగతి స్కీలు చాలావరకు బైండింగ్ కూర్చునే ప్లేటుతో, దానికి సరిపోయే బైండింగ్‌తో కలిపే వస్తాయి. మీ బూటు అడుగు గ్రిప్‌వాక్ (నడవడానికి వీలైన) రకమైతే ఆ బైండింగ్ దానికి పనికొస్తుందో లేదో ముందే అడగండి. పడినప్పుడు బూటు ఊడే విడుదల అమరికను బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీయింగ్ తీరును బట్టి టెక్నీషియన్ చేతనే పెట్టించండి. వీలైతే డెమో రోజున (కొనేముందు స్కీలు వాడి చూడనిచ్చే రోజున) 72, 78 రెండింటినీ ఒకే వాలు మీద, ఉదయం లిఫ్ట్ తెరవగానే ఒకసారి, మధ్యాహ్నం మరోసారి వాడి చూసి నిర్ణయించుకోండి.