అప్‌డేట్: పట్టు మీద బొమ్మకి వార్నిష్ వేయలేదు

పట్టుగుడ్డ మీద ఫ్యాబ్రిక్ కలర్స్‌తో వేసిన కృష్ణుడి బొమ్మకి వార్నిష్ కొట్టాలా అని పోయిన నెల అడిగాను కదా. కొట్టలేదు. మీరు చెప్పినట్టే ముందు మిగిలిన ముక్క మీద వేసి చూశా. ఆరాక అప్పడంలా బిగుసుకుపోయింది, పట్టు మెరుపంతా పోయింది. బొమ్మ మీదే వేసుంటే ఏడ్చేదాన్ని.

వార్నిష్ బదులు, రంగు గుడ్డకి పట్టి ఉండేలా ఒక రోజంతా ఆరనిచ్చి, తిరగేసి, పలుచటి నూలుగుడ్డ పరిచి, ఆవిరి లేకుండా ఇస్త్రీ చేశా. తర్వాత తడి దూదితో ఒక మూల అద్దితే నెమలిపింఛం నీలం కాస్త కూడా అంటలేదు.

ఫ్రేమ్ దగ్గరే గొడవ. గవర్నర్‌పేటలో షాపాయన "జిగురేసి అట్టకి అంటించేస్తానమ్మా" అన్నాడు. వద్దని అంచులు నేనే కుట్టి ఇచ్చా. బెజవాడ ఉక్కకి చెమ్మ చేరి గుడ్డ అద్దానికి అతుక్కోకుండా మధ్యలో మౌంట్ (బొమ్మ చుట్టూ వచ్చే అట్ట అంచు) పెట్టించా. ఎండ పడని గోడకే తగిలించాం. మా అత్తగారు మాత్రం పూజగదిలో పెట్టాల్సిందని ఇంకా సణుగుతూనే ఉన్నారు.